పొలం కొన్న ప్రవక్త

అమ్మడూ,

"రాకడ ఇంత దగ్గరకొచ్చాక ఇంకా ఈ నర్సింగు చదువెందుకు? మిగిలిన ఫీజు డబ్బుతో కరపత్రాలు వేయించి ఊరూరా పంచితే నాలుగు ఆత్మలైనా దక్కుతాయి కదా" అన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పి కంగారుపడింది. ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. ప్రభువు తిరిగి వస్తాడని నిజంగా నమ్మిన పిల్లకే ఈ ప్రశ్న పుడుతుంది. ఆదివారం విశ్వాస ప్రమాణంలో ఆ మాట అప్పజెప్పి, గుడి గేటు దాటగానే మరిచిపోయేవాళ్ల కంటే నువ్వే నయం. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గానే రాయాల్సి వస్తోంది.

ముందు ఒక రిజిస్ట్రేషను కథ. క్రీ.పూ. 587 ప్రాంతంలో యెరూషలేము చుట్టూ బబులోను సేనలు ముట్టడి దిబ్బలు వేశాయి. లోపల కరువు, తెగులు. ఈ పట్టణం పడిపోతుందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన యిర్మీయా ప్రవక్తను సిద్కియా రాజు చెరసాల ఆవరణలో పెట్టించాడు. అప్పుడు ఆయన పినతండ్రి కొడుకు హనమేలు అక్కడికొచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనుక్కోమన్నాడు. అనాతోతు యెరూషలేముకు బాగా దగ్గరి ఊరు. ముట్టడి వేసిన సైన్యం తిరుగుతున్న నేల అది. లెక్క తెలిసిన ఏ మనిషీ దానిమీద పైసా పెట్టడు. యిర్మీయా మాత్రం పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. దస్తావేజు రాసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతినీ, వేయని ప్రతినీ తన లేఖికుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో దాచమన్నాడు. ఈ దేశంలో జనం మళ్లీ ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొనుక్కుంటారని దేవుడు చెప్పాడు కాబట్టే ఆయన కొన్నాడు. యిర్మీయా గ్రంథం ముప్పై రెండో అధ్యాయం తీసి చూడు.

పట్టణం కాలిపోతుందని అందరికంటే ముందు తెలిసిన మనిషే పొలం కొన్నాడు. అంత్యదినాల గురించి బైబిలు నేర్పే నిరీక్షణకు ఇంతకన్నా మంచి నమూనా ఈ పెదనాన్నకు తెలియదు.

ఇందుకు ఎదురు దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. విలియం మిల్లర్ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రైతు. బాప్టిస్టు. 1812 యుద్ధంలో పనిచేసినవాడు, నిజాయితీపరుడు. దానియేలు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి, 1843–44 మధ్య ప్రభువు వస్తాడని తేల్చాడు. ఆ గడువు దాటిపోయాక, ఆయన వెంట నడిచినవాళ్లు 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయం చేశారు. ఆ ఏడు కొందరు రైతులు బంగాళాదుంపలు తవ్వకుండా చేలోనే వదిలేశారు. ఆ రాత్రంతా ప్రార్థనలో కనిపెట్టుకుని కూర్చున్నారు. తెల్లవారింది. అది మామూలు బుధవారం. అమెరికా సంఘ చరిత్రలో దానికి 'మహా నిరాశ' అనే పేరు నిలిచిపోయింది. ఐదేళ్లకు మిల్లర్ కన్నుమూశాడు.

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. ఆ నిరాశలోంచి తేరుకున్నవాళ్లు కొందరు మళ్లీ వాక్యం ముందు కూర్చున్నారు. 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడ్డారు. తేదీ కట్టడం మానుకున్నారు, ఎదురుచూడటం మానుకోలేదు. 1866లో మిచిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో ఆరోగ్యశాల తెరిచారు. తర్వాత దేశదేశాల్లో ఆస్పత్రులు కట్టారు. మన నూజివీడు గిఫర్డ్ ఆస్పత్రి వాళ్లదే. రాకడ కోసం చేలు వదిలేసినవాళ్ల వారసులు ఆ రాకడ కోసమే రోగుల పక్కన నిలబడ్డారు. సిద్ధాంతంలో వాళ్లతో మనకు తేడాలున్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

హెరాల్డ్ క్యాంపింగ్ విషయం ఇంకా బాధాకరం. చదివింది సివిల్ ఇంజనీరింగు. అమెరికాలో ఫ్యామిలీ రేడియో నడిపాడు. ముందు 1994 అన్నాడు, తర్వాత 2011 మే 21 అన్నాడు. దేశమంతా పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. న్యూయార్కులో ఒక రిటైరైన ఉద్యోగి, జీవితమంతా కూడబెట్టిన లక్షా నలభై వేల డాలర్లు ఆ తేదీ ప్రకటనలకే ఖర్చుపెట్టాడు. మే 21 మామూలుగా గడిచింది. అక్టోబరు 21 అని మళ్లీ చెప్పారు, అదీ గడిచింది. 2012లో క్యాంపింగ్ తాను తేదీ చెప్పడం పాపమని బహిరంగంగా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో, 92 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన ఒప్పుకోలును తక్కువ చేయకూడదు, తొంభై దాటిన మనిషికి అది తేలిక కాదు. కానీ ఆ ఉద్యోగి డబ్బు తిరిగి రాలేదు. ఆ దినమూ ఆ గడియా దూతలకు గానీ చివరికి కుమారునికి గానీ తెలియవని మత్తయి ఇరవై నాలుగులో ప్రభువే చెప్పాక, దాన్ని లెక్కగట్టడానికి కూర్చోవడమే అవిధేయత.

రాకడ గురించిన ఈ తొందరపాటు మొదటి శతాబ్దంలోనే ఉంది. క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీకలో పుట్టిన పసి సంఘానికి, ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో మాటగానో ఉత్తరంగానో చెప్పి కదిలించేశారు. కొందరు పనులు మానేసి పరుల జోలికి పోవడం మొదలుపెట్టారు. వాళ్లకు పౌలు ఏం రాశాడో రెండో పత్రికలో చదువు. రాకడ నిజమన్నాడు, భయపడొద్దన్నాడు, ఎవరి పని వాళ్లు నెమ్మదిగా చేసుకుని సొంత తిండి తినమన్నాడు. ఆ రాసిన మనిషి స్వయంగా డేరాలు కుట్టి బతికినవాడు. మన సమాధి తోటల్లో ప్రతి భూస్థాపనలోనూ చదివే ఆ ఊరటమాటలు, ఆర్భాటంతో ప్రభువు దిగివస్తాడనే ఆ మాటలు, ఆ సంఘానికి రాసినవే. వాటిని ఒకరికొకరు చెప్పుకుని ఆదరించుకోమని పౌలు ముగిస్తాడు. ఎవరినైనా బెదిరించడానికి వాటిని వాడమనలేదు.

బెదురు ఏం చేస్తుందో మనవాళ్లూ చూశారు. 1979 జూలైలో అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడి అందరం పోతామన్న పుకారు మన పల్లెల్ని కుదిపేసింది. ఉన్న కోళ్లూ మేకలూ కోసుకు తినేశారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో ఆ పేరుతోనే సినిమా కూడా వచ్చింది. స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి కొసన పడ్డాయి. అంతం అంటే భయం ఒక్కటే తెలిసినప్పుడు మనిషి రేపటికి ఏమీ మిగుల్చుకోడు.

ఇక్కడ నువ్వు వెంటనే రెండో పేతురు మూడో అధ్యాయం తీస్తావు. భూమీ దాని మీద కృత్యాలూ కాలిపోతాయని ఉంది కదా, కాలిపోయేదానికి సేవ ఎందుకు అంటావు. న్యాయమైన ప్రశ్న. అదే అధ్యాయంలో నాలుగు వచనాలు పైకి వెళ్లు. నోవహు నాటి లోకం నీళ్లలో నశించిందని పేతురు అంటున్నాడు. నశించింది నిజమే, కానీ నీళ్లు తీశాక నోవహు అడుగుపెట్టింది ఇదే నేల మీద. మళ్లీ పదమూడో వచనానికి రా. నీతి కాపురముండే కొత్త ఆకాశం, కొత్త భూమి కోసం కనిపెడుతున్నామంటాడు. పుటంలో పెట్టిన బంగారం మంటలోంచి బంగారంగానే బయటికొస్తుంది, పోయేది మష్టు. రోమా ఎనిమిదిలో పౌలు చెప్పేదీ ఇదే: సృష్టి ప్రసవవేదనతో మూలుగుతోందంటాడు. ప్రసవవేదన చావు నొప్పి కాదని లేబర్ వార్డులో పనిచేసే నీకు పెదనాన్న చెప్పాలా?

ప్రకటన గ్రంథం చివరి రెండు అధ్యాయాలు ఎంతమంది నెమ్మదిగా చదువుతారు? కూటాల్లో మృగం, ఏడు బూరలు, హార్మెగిద్దోను దగ్గరే రాత్రి పది దాటిపోతుంది. ఆ చివరి అధ్యాయాల్లో మనుషులు పైకి ఎగిరి పారిపోవడం కనిపించదు. పరిశుద్ధ పట్టణమే కిందికి దిగివస్తుంది. దేవుడే మనుషులతో కాపురం పెడతాడు, కన్నీళ్లు తుడుస్తాడు. ఆ పట్టణం గుమ్మాలు ఎప్పుడూ మూయరు. జనాలు తమ మహిమనూ ఘనతనూ లోపలికి తెస్తారు. నది ఒడ్డున జీవవృక్షం ఉంది, దాని ఆకులు జనాల స్వస్థతకు పనికొస్తాయి. స్వస్థత, అమ్మడూ! బైబిలు ఆఖరి పేజీ మీద దేవుడు పెట్టిన మాట అది. సంఘం ఎత్తబడటం శ్రమలకు ముందా తర్వాతా అన్నదాని మీద భక్తిపరుల మధ్య తేడాలున్నాయి, ఉంటాయి. ఆయన వస్తాడు, మృతులు లేస్తారు, సృష్టి కొత్తదవుతుంది అన్న మూడింటి మీద తేడా లేదు. పునరుత్థానం గురించి 57 వచనాలు రాసుకుంటూ వచ్చిన పౌలు 58వ వచనంలో, అందుచేత ప్రభువులో మీ ప్రయాస వ్యర్థం కాదు, పనిలో నిలకడగా ఉండండి అని తేల్చాడు. మొదటి కొరింథీ పదిహేనో అధ్యాయం ఎక్కడ ఆగుతుందో గమనించు.

ఒంగోలు పిల్లవు కాబట్టి మిషనరీ క్లౌ దొర కథ విన్నదే. ఈ సారి ఈ కోణంలో విను. 1876లో, ధాత సంవత్సరంలో, మొదలైన పెద్ద కరువు మద్రాసు రాజధానిని రెండేళ్లు పీల్చి పిప్పి చేసింది. లక్షల్లో చనిపోయారు. యుగాంతం అనుకోవడానికి ఏ తరానికైనా హక్కుంటే ఆ తరానికి ఉంది. సర్వే పని తెలిసిన జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు తవ్వకం పని, కూలి. సువార్తికులే మేస్త్రీలు. విశ్రాంతి వేళ వాళ్లే వాక్యం చెప్పేవాళ్లు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని కరువు నడిచినంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పనులు ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వాళ్లలో చాలామంది మాదిగలు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, ఈ సువార్తను ఆ పల్లెల్లోకి మోసుకెళ్లిన యర్రగుంట్ల పేరయ్య కూడా తోలుపని కులంలో పుట్టినవాడే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులకు, న్యాయం తీర్చే రాజు వస్తున్నాడనే కబురు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. మనం తీర్పు అనగానే వణుకుతాం. తొంభై ఆరో కీర్తనలో ఆయన తీర్పు తీర్చడానికి వస్తున్నాడని విని అడవిలోని చెట్లు ఉత్సాహధ్వని చేస్తాయి. అన్యాయం కింద నలిగినవాళ్లకు తీర్పు పండగ. ప్రకటన గ్రంథం రాసిన యోహాను కూడా సాక్ష్యం నిమిత్తం పత్మసు ద్వీపంలో ఉన్నవాడు. తనలాగే శ్రమల్లో ఉన్న ఏడు ఊళ్ల సంఘాలు కుంగిపోకూడదని రాశాడు.

నిరీక్షణ కడుపు నిండినవాళ్ల మాట అనుకోకు. 1943 జూలైలో జర్మనీలోని హాంబర్గ్ మీద బాంబుల వాన కురిసింది. దాదాపు నలభై వేల మంది చనిపోయారు. విమాన నిరోధక దళంలో ఉన్న పదిహేడేళ్ల యూర్గెన్ మోల్ట్‌మన్ పక్కనే నిలబడ్డ స్నేహితుడు కళ్లముందే పోయాడు. దేవుడి గురించి పెద్దగా తెలియకుండా పెరిగిన ఆ కుర్రాడు, యుద్ధఖైదీగా ఉన్నప్పుడు చేతికొచ్చిన బైబిల్లో కీర్తనలు, మార్కు సువార్త చదివి క్రీస్తును కనుగొన్నాడు. 1964లో ఆయన రాసిన 'నిరీక్షణా వేదాంతం' అంత్యకాల బోధను పుస్తకం చివరి అధ్యాయంలోంచి తీసి మొదటి పేజీ మీద పెట్టింది. 2024లో, 98 ఏళ్లకు నిద్రించాడు.

నీ వృత్తి సంగతికొస్తే, గుంటూరు కుగ్లర్ ఆస్పత్రి ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లావు. ఆనా కుగ్లర్ 1883లో ఈ దేశానికి వచ్చింది. ఆమె డాక్టరే, కానీ పంపిన లూథరన్ బోర్డు వైద్యసేవకు అప్పటికి సిద్ధంగా లేదు, వేరే పనుల మీద పంపింది. ఆమె ఆ పనులు చేస్తూనే రోగులను చూసింది. 1898లో ఆస్పత్రి తెరుచుకుంది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డ పిల్లలకు ఇప్పుడు మునిమనవలున్నారు.

కాబట్టి చదువు ఆపొద్దు. కరపత్రాలు కూడా మానొద్దు, ఆదివారం మధ్యాహ్నాలు నీవే. అయితే ఆ కాగితం మీద భయపెట్టే బొమ్మ వేయించకు, కొత్త భూమి గురించి రాయించు. 2021లో టీకా సూది మృగం ముద్ర అన్న పుకారు పట్టుకుని కొందరు విశ్వాసులు టీకాకు దూరంగా ఉండిపోయారు. రేపు వార్డులో ఎవరైనా నిన్ను అదే అడిగితే విసుక్కోకు. 666 నీరో చక్రవర్తి పేరులోని అక్షరాల లెక్క అని చాలామంది పండితులు భావిస్తారనీ, మృగం ముద్ర అంటే మృగానికి మొక్కడమేననీ, చేతికి పొడిచే మందు సూది కాదనీ నిదానంగా చెప్పు. తేదీ చెప్పే బోధకుడిని ఎగతాళి చేయకు, ఆయన కోసం ప్రార్థించు, డబ్బు మాత్రం ఇవ్వకు.

మొదటి థెస్సలొనీక ఐదే అధ్యాయాలు, ఒక్క బిగిన అయిపోతుంది. నైట్ డ్యూటీ లేని రోజున చదివి, ఆ వెంటనే ప్రకటన ఇరవై ఒకటి, ఇరవై రెండు చదువు. నీ హాస్టల్ యవ్వనస్థుల కూటంలో ప్రకటన గ్రంథం మొదలుపెడతామంటే రెండు, మూడు అధ్యాయాల్లోని ఏడు ఉత్తరాలతో మొదలుపెట్టమను. వెయ్యేళ్ల పాలన గురించి నువ్వు అడిగిన రెండో ప్రశ్నకు మూడు రకాల జవాబులున్నాయి, మూడింటి వెనకా భక్తిపరులున్నారు. దానికి ఇంకో ఉత్తరం కావాలి. వచ్చే నెల రాస్తాను.

ప్రేమతో,
పెదనాన్న