సొంత వ్యాపారానికి తొలి మెట్టు ఉద్యోగమే

‘‘మా ఇంట్లో వ్యాపారం చేసినవాళ్ళెవరూ లేరు. నావల్ల అవుతుందా?’’ డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వ్యాపారస్తుల ఇంట్లో పెరిగిన కుర్రాడికి ఎవరు అరువిస్తారో, ఎవరు ఎగ్గొడతారో, సరుకు ఎక్కడ చవకో చిన్నప్పటి నుంచే చెవిన పడుతుంటాయి. జీతం మీద, సేద్యం మీద బతికే ఇళ్ళలో ఆ కబుర్లు వినపడవు. ఈ లోటు ఒక్క డిగ్రీతో పూడదు. డిగ్రీ తర్వాత ఎంచుకునే మొదటి ఉద్యోగంతో మాత్రం చాలావరకు పూడుతుంది.

హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎలా పుట్టిందో చూడండి. సోవియట్ సాయంతో 1960లలో బాలానగర్ దగ్గర ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చింది. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివారు. బొంబాయిలో పై చదువు, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ పూర్తిచేసి, 1969లో ఐడీపీఎల్‌లో చేరి 1975 దాకా పనిచేశారు. ఆ తర్వాతే యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీలు పెట్టారు.

అలాంటి కర్మాగారంలో ఏం నేర్చుకుంటారు? గాజు ఫ్లాస్కులో పది గ్రాముల మందు చేయడం వేరు, రియాక్టర్‌లో వంద కిలోలు తీయడం వేరు. ఫ్లాస్కులో పుట్టిన వేడి ఇట్టే బయటికి పోతుంది. పెద్ద రియాక్టర్‌లో సరుకు పెరిగినంతగా దాన్ని చల్లార్చే గోడ వైశాల్యం పెరగదు. వేడి లోపలే నిలిచి బ్యాచ్ చెడిపోతుంది, ఒక్కోసారి ప్రమాదమూ జరుగుతుంది. ఇంతవరకు పుస్తకం చెబుతుంది. ఏ క్షణంలో కలపడం ఆపాలో, దిగుబడి తగ్గితే ముందుగా దేన్ని అనుమానించాలో, షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడికి ఏం చెప్పి వెళ్ళాలో ప్లాంటులో నిలబడితేనే వస్తుంది. అక్కడే సాల్వెంట్ అమ్మేవాళ్ళు, యంత్రాలు బిగించేవాళ్ళు, సాటి కెమిస్టులు పరిచయమవుతారు. రేపు మీరు సొంతంగా మొదలుపెట్టినప్పుడు నెల రోజుల అరువు మీద ముడిసరుకు పంపేది మీ పనితనం చూసిన ఆ మనుషులే.

కాలమూ కలిసొచ్చిందనుకోండి. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే హక్కు ఇచ్చింది. కొత్త పద్ధతి కనిపెట్టగల కెమిస్టుకు దారి తెరుచుకుంది. పరిచయాలు గొలుసుకట్టుగా పెరగడమూ ఈ రంగంలోనే కనిపిస్తుంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన మురళి దివి, అంజిరెడ్డితో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేశాకే 1990లో సొంత సంస్థ పెట్టారు.

మరి చదివిన సబ్జెక్టులోనే వ్యాపారం పెట్టాలా? అక్కర్లేదు. 1993లో శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభించిన వరప్రసాద్ రెడ్డి ఇంజినీరు, జీవశాస్త్రం ఆయన చదువు కాదు. ఆ విద్య తెలిసిన శాస్త్రవేత్తలను చేరదీశారు, ఉస్మానియా యూనివర్సిటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీల ఆసరా తీసుకున్నారు. పెట్టుబడికి ఒమన్ విదేశాంగ మంత్రి తోడ్పాటు దొరికింది. 1997లో హెపటైటిస్-బి టీకా బయటికొచ్చింది. తనకు రానిది ఎవరికొచ్చో తెలుసుకుని, వాళ్ళను ఒప్పించి ఒకచోట కూర్చోబెట్టడం కూడా నైపుణ్యమే. మన కాలేజీలు దీన్ని బొత్తిగా పట్టించుకోవడం లేదన్నది నా బాధ.

ఇక చొరవ సంగతి. అది రక్తంలో ఉండాలనే మాట నేను నమ్మను. 1960లలో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు రప్పించి, లక్ష్యాలు పెట్టుకుని సాధించడంలో కొద్ది రోజుల శిక్షణ ఇప్పించారు. తర్వాత పరిశీలిస్తే, శిక్షణ పొందనివారికంటే వీళ్ళే ఎక్కువ చురుగ్గా కొత్త పనులకు పూనుకున్నారు. అదే సంస్థ ఇప్పుడు నిమ్స్‌మే పేరుతో యూసఫ్‌గూడలో ఉంది.

పెద్ద చదువు లేనివాళ్ళు వెనకడుగు వేయనక్కర్లేదు. సొంత యూనిట్‌కు రాయితీతో బ్యాంకు రుణం ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద, ఖర్చు 10 లక్షల రూపాయలు దాటిన తయారీ యూనిట్‌కు అడిగే చదువు ఎనిమిదో తరగతే. బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఆర్‌సెటీలలో శిక్షణకు, భోజన వసతులకు గ్రామీణ యువత పైసా కట్టక్కర్లేదు. శిక్షణ అయ్యాక రెండేళ్ళపాటు వెన్నంటి ఉండడం వాళ్ళ పద్ధతి. నా దృష్టిలో అసలు లాభం అదే. బ్యాంకు మేనేజర్‌ను పేరుపెట్టి పలకరించగల చుట్టాలు లేని అమ్మాయికి, బ్యాంకు వైపు నుంచే ఒక మనిషి తెలిసినట్టవుతుంది.

కాబట్టి క్యాంపస్ సెలక్షన్లలో రెండు ఆఫర్లు చేతికొస్తే జీతం అంకె ఒక్కటే చూడకండి. చిన్న కంపెనీ అయినా కొనుగోళ్ళు, తయారీ, అమ్మకాలు, బాకీల వసూలు కంటికి కనిపించే చోటు మేలు. ‘‘ఏడాదిలో నన్ను ఏయే విభాగాల్లో పనిచేయిస్తారు?’’ అని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగండి. చేరేముందు నియామక ఒప్పందంలో బాండు, గోప్యత షరతులు పూర్తిగా చదవండి. బయటికొచ్చేటప్పుడు కంపెనీ ఫార్ములాలు, కస్టమర్ల జాబితాలు వెంట తెచ్చుకోకండి. మీరు ఎలా వెళ్ళారన్నది సరఫరాదారులకు, పాత సహోద్యోగులకు వారం తిరక్కుండానే తెలిసిపోతుంది, మీ మొదటి ఆర్డర్ కోసం తలుపు తట్టాల్సింది వాళ్ళ దగ్గరే.