లేహ్‌కు కారులో వెళ్లాలంటే ఏ దారి మేలు?

ప్రశ్న: జూన్‌లో మావారూ నేనూ కారులో లేహ్, పాంగాంగ్ సరస్సు చూడాలనుకుంటున్నాం. మనాలీ నుంచి వెళ్లాలా, శ్రీనగర్ నుంచా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: శ్రీనగర్ నుంచే వెళ్లండమ్మా. మనాలీ దారిలో చాలామంది సర్చూ గుడారాల్లో రాత్రి గడుపుతారు. అది 4,200 మీటర్లకు పైనే. సముద్రమట్టం నుంచి వెళ్లిన ఒంటికి అంత ఎత్తు ఒక్కసారిగా అలవాటు కాదు. తలపోటు, వాంతులు మొదలవుతాయి. శ్రీనగర్ దారిలో మొదటి మజిలీ కార్గిల్, సుమారు 2,700 మీటర్లే. పైగా చూడాల్సిన వింత ఈ దారిలోనే ఉంది. సోనామార్గ్ దాకా పచ్చటి దేవదారులు, జోజిలా కనుమ దాటగానే చెట్టన్నది లేని బోడికొండలు. లామయూరు దగ్గర పసుపురంగు మట్టిదిబ్బల ముందు కాసేపు కారు ఆపండి.

లేహ్‌లో రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. ఇది మాత్రం తగ్గించుకోవద్దు. పాంగాంగ్‌కు వెళ్లే దారిలోని చాంగ్‌లా కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైనే. అక్కడ ఫొటో తీసుకుని వెంటనే దిగిపోండి. మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు రోడ్డెక్కుతాయి కనుక తెల్లవారుజామునే బయల్దేరండి. సరస్సు ఒడ్డున ఒక రాత్రి ఉంటే నీటి రంగు పూటపూటకూ మారడం చూస్తారు. ఎవరికి తలనొప్పి వచ్చినా రెండోవారికి దాచకుండా చెప్పండి. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. బీపీ, ఆస్తమా ఉంటే ముందే డాక్టర్‌ని కలవండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.