గేర్‌బాక్స్ పోయిందా, సెన్సర్ పోయిందా?

అందరూ కవితలు పంపుతున్నారు కదా, నాది మాత్రం గేర్‌బాక్స్ మీద పాఠం. సీఎస్ఈ వాళ్లకి ఇదెందుకు అనకండి, ఇందులో సెన్సర్లూ ఎర్రర్ కోడ్‌లూ రీస్టార్ట్‌లూ అన్నీ ఉన్నాయి.

మా ఇంట్లో ఉన్నది 2011 మోడల్ సెడాన్, 4 స్పీడ్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎడమ మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్న క్లచ్ తొక్కలేరు, అందుకే ఆటోమేటిక్. ఈ వేసవిలో దానికి రోగం మొదలైంది. బండి వేడెక్కాక రెండు నుంచి మూడో గేర్‌కి మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి రయ్యిమని అరిచి, తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక దెబ్బ. కొన్నిసార్లు అసలు మూడో గేర్‌లోనే ఇరుక్కుపోయి, సిగ్నల్ దగ్గర ఎద్దుబండిలా కదిలేది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే పది నిమిషాల్లో "గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. వాళ్లు చెప్పిన రేటు మేం కారు కొన్న ధరలో సగం. అమ్మేద్దామంటే అలాంటి బండి ఎవరు కొంటారు? ఉంచుకుంటే నాన్న ఫిజియోథెరపీకి ఆటోల్లో కాలు మడుచుకుని వెళ్లాలి.

సరే, ముందు అసలు లోపల ఏముందో చూద్దాం. మాన్యువల్ బండిలో క్లచ్ చేసే పనిని ఇక్కడ టార్క్ కన్వర్టర్ చేస్తుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి, మధ్యలో గాలి బదులు నూనె నింపారనుకోండి. ఇంజన్ ఒక ఫ్యాన్‌ని తిప్పితే, ఆ నూనె తోపుకి రెండోది తిరుగుతుంది. అందుకే డీ లో పెట్టి బ్రేక్ తొక్కి నిలబడినా ఇంజన్ ఆగిపోదు. దాని వెనక ప్లానెటరీ గేర్లు: మధ్యలో సూర్యుడు, చుట్టూ గ్రహాలు, బయట పళ్లున్న రింగు. వీటిలో దేన్ని పట్టి ఆపుతామో, దేన్ని తిప్పుతామో దాన్నిబట్టి గేర్ రేషియో మారుతుంది. పట్టుకునే పని చిన్న చిన్న క్లచ్ ప్లేట్ల కట్టలది. ఆ ప్లేట్లని నొక్కేది నూనె ప్రెషర్. ఏ దారిలో ప్రెషర్ పంపాలో సోలినాయిడ్ వాల్వులు చూసుకుంటాయి, వాటికి ఆర్డర్ వేసేది టీసీఎమ్ అనే కంప్యూటర్.

అంటే ఆ నూనె ఉత్త లూబ్రికెంట్ కాదు, బండిని కదిలించేది కూడా అదే. ఇంజన్ ఆయిల్ దగ్గర ఉన్న అలవాటుతో దీన్ని చాలామంది పట్టించుకోరు.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. నేను బ్లూటూత్ స్కానర్ తీసి "బాబాయ్, ముందు కోడ్‌లు చూద్దామా?" అంటే, "ముందు ఆయిల్ చూడమ్మా, నీ ఫోను తర్వాత" అన్నారు. కరెక్టే. నూనె తక్కువుంటే పంపు గాలి కూడా పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారతాయి. ఇంజన్ రయ్యిమనడం అంటే అదే. ఎక్కువ పోసినా ప్రమాదమే, తిరిగే గేర్లు దాన్ని నురగ కొట్టేస్తాయి, నురగకి ప్రెషర్ నిలవదు.

చాలా బండ్లలో ఇంజన్ వేడెక్కాక, నడుస్తుండగానే, పీ లో పెట్టి డిప్‌స్టిక్ చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆపిన వెంటనే చూడమంటాయి, కొన్ని బండ్లలో అసలు డిప్‌స్టిక్కే ఉండదు. కాబట్టి ఓనర్స్ మాన్యువల్ ఒక్కసారైనా తెరవండి. రంగు కూడా కథ చెబుతుంది. మామూలుగా ఎర్రగా, పారదర్శకంగా ఉండాలి. ముదురు గోధుమ రంగులో మాడు వాసన వస్తే ప్లేట్లు వేడికి కాలుతున్నట్టు. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే రేడియేటర్ నీళ్లు కలుస్తున్నాయి, అప్పుడు బండి ఇంక కదిలించకూడదు.

మాది గోధుమ రంగు, లెవెల్ తక్కువ. యాక్సిల్ ఆయిల్ సీల్ దగ్గర చెమ్మ. సీల్ మార్చి, పాన్ విప్పి చూశారు. పాన్‌లో ఉన్న అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది, అది సహజమైన అరుగుదల. గోటితో పట్టుకోగలిగే ముక్కలు ఉంటేనే భయపడాలట. మాకు అవి లేవు. నాకు మొదటిసారి ఆశ పుట్టింది అక్కడే. డ్రెయిన్ చేస్తే మొత్తం నూనె బయటికి రాదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. అందుకే కొన్నాళ్లు నడిపి మళ్లీ ఒకసారి మార్చాం. గ్రేడ్ మాత్రం మాన్యువల్‌లో రాసిందే పోయాలి, "అన్ని బండ్లకీ సెట్ అవుద్ది" అన్న డబ్బా వద్దు.

దీంతో రయ్యిమనడం దాదాపు పోయింది. మూడో గేర్‌లో ఇరుక్కోవడం పోలేదు.

ఇక్కడ ఒక క్లూ ఉంది. అలా ఇరుక్కున్నప్పుడు ఇగ్నిషన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే బండి కాసేపు మామూలుగా నడిచేది. అరిగిపోయిన క్లచ్ ప్లేట్ తాళం తిప్పితే బాగుపడదు కదా! రీస్టార్ట్‌కి తగ్గే జబ్బు అంటే కంప్యూటర్ వైపు చూడాలి. టీసీఎమ్‌కి ఏదైనా సిగ్నల్ మీద నమ్మకం పోతే సోలినాయిడ్లకి ఆర్డర్లు మానేసి ఒకే గేర్‌లో ఉంచేస్తుంది, ఇంటికి చేరడానికి. దీన్నే లింప్ మోడ్ అంటారు. మన భాషలో ఎక్సెప్షన్ హ్యాండ్లర్ అనుకోండి.

ఇప్పుడు ఫోన్ తీశాం. కోడ్ పీ0720. చదవడం ఈజీ: పీ అంటే ఇంజన్, గేర్‌బాక్స్ కుటుంబం; 0 అంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్; 7 అంటే ట్రాన్స్‌మిషన్. చివరి 20 అంటే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. దీని చుట్టాలు కూడా తెలిసుంటే మంచిది. పీ0715 లోపలికి వచ్చే వేగం చూసే సెన్సర్, పీ0750 మొదటి షిఫ్ట్ సోలినాయిడ్, పీ0730 అంటే గేర్ రేషియో లెక్క తప్పుతోంది.

ఆ లెక్క చాలా సింపుల్. ఇన్‌పుట్ వేగాన్ని అవుట్‌పుట్ వేగంతో భాగిస్తే గేర్ రేషియో రావాలి. మూడో గేర్ రేషియో 1 అనుకుందాం. రెండు వైపులా 2,400 ఆర్‌పీఎం ఉండాలి. ఇన్‌పుట్ 2,900, అవుట్‌పుట్ 2,400 అయితే 1.2 వస్తుంది, అది ఏ గేర్‌దీ కాదు. అంటే క్లచ్ జారుతోంది. లేదా సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఈ రెండిటికీ రిపేర్ ఖర్చులో ఉన్న తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత, కానీ ఉత్త కోడ్ చూసి ఏదో చెప్పలేం. నా దృష్టిలో ఆ మొదటి వర్క్‌షాప్ ఆగిపోయింది ఇక్కడే.

నా చవక స్కానర్‌లో ఈ వేగాలు కనిపించలేదు. బాబాయ్ దగ్గరున్న పెద్ద స్కానర్ పెట్టి బందరు రోడ్డు మీదకి వెళ్లాం, ఆయన డ్రైవింగ్, నేను స్క్రీన్. చల్లగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. ఇరవై నిమిషాల తర్వాత, బండి నలభైలో వెళ్తుండగా, అవుట్‌పుట్ వేగం ఒక్క క్షణం సున్నా అయి మళ్లీ వచ్చింది. ఇన్‌పుట్ వేగం కదల్లేదు. నలభైలో పోతున్న బండి చక్రాలు క్షణంలో ఆగి మళ్లీ తిరగవు కదా. వెంటనే లింప్ మోడ్.

వైర్ల కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసినా వేడెక్కాక మళ్లీ అదే. మా బండిలోది రెండు వైర్ల కాయిల్ రకం సెన్సర్, కాబట్టి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడొచ్చు. చల్లగా ఉంటే సరిగ్గా ఉంది, వేడిగా ఉంటే ఓపెన్. లోపల తీగ ఎక్కడో తెగి, వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతోందన్నమాట. మూడు వైర్ల హాల్ సెన్సర్ అయితే ఇలా రెసిస్టెన్స్ చూసి లాభం లేదు, దాన్ని సిగ్నల్ చూసే తేల్చాలి.

కొత్త సెన్సర్ వేశాం, కోడ్ చెరిపాం. తర్వాత కొన్ని రోజులు టీసీఎమ్ మళ్లీ షిఫ్ట్‌లు నేర్చుకుంటుంది, అప్పుడు కాస్త కుదుపు ఉంటే కంగారు పడకూడదట. సెన్సర్, సీల్, రెండు సార్ల నూనె, లేబర్ అన్నీ కలిపినా ఆ వర్క్‌షాప్ చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పాత ఆటోమేటిక్ ఉంటే, గేర్‌బాక్స్ విప్పేముందు బ్యాటరీ వోల్టేజ్, ఎర్త్ వైరు కూడా చూపించండి. కరెంటు బలహీనంగా ఉంటే సోలినాయిడ్లు సరిగ్గా పనిచేయక పిచ్చిపిచ్చి కోడ్‌లు వస్తాయి. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్ మధ్యలో ఆగిపోతే, ఆ చక్రాలు రోడ్డు మీద తిరిగేలా తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, లోపల నూనె తిరగదు, ఎండు గేర్లు అరుగుతాయి. ఫ్లాట్‌బెడ్ పిలవాల్సిందే.

మా బండికి ఇంకో చిన్న పేచీ మిగిలింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రివర్స్‌లో పెడితే రెండు సెకన్లు ఆలోచించి అప్పుడు కదులుతుంది. లోపలి సీళ్లు గట్టిపడి ఉంటాయని బాబాయ్ అనుమానం. దసరా సెలవుల్లో ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తామన్నారు. అప్పటిదాకా రివర్స్ పడ్డాక "ఆ, కదిలింది" అనేదాకా నాన్న యాక్సిలరేటర్ ముట్టుకోవడం లేదు.