ఉలి వెనుక తుప్పు

ఉప్పల్, నాచారం వైపు వెళ్ళినపుడు వడ్రంగి పనిచోట కొంతసేపు నిలిచి చూడుడు. పాత ఉలి చేతికి వచ్చినచో, అనుభవమున్న పనివాడు పిడి దగ్గరి నల్లమచ్చను పట్టించుకొనడు. ఉలిని తిరగవేసి, వాదర వెనుకవైపు గుంటలున్నవేమో చూచును. వాదర అనగా రెండు ముఖములు కలియు అంచు గదా! ఒక ముఖమున తుప్పు గుంట చేసినచో, ఎంత సానపట్టినను అచట అంచు నొక్కుపడును. గుంట పోవువరకు ఉక్కును అరగదీయవలసినదే.

మీ కొడవలికిని ఇదే లెక్క. గట్టిగా అంటియున్న నల్లపొరను గీకనక్కరలేదు. చేతికంటు ఎర్రపొడియే తేమను పట్టియుంచి లోనికి తినును. చింతపండు పులుసులో కొన్ని గంటలు నానవేసి, రుద్ది, చాకలిసోడా నీటితో కడిగి, ఆరబెట్టి ఆముదము పూయుడు. సోడాకడుగు మానరాదు, పులుపు మిగిలినచో మరల తుప్పు పట్టును. రోజులతరబడి నానవేసినను పులుపు ఇనుమునే తినును.

కొందరు పొటాషు ఎరువు ఖాళీసంచిలో కొడవళ్ళు చుట్టిపెట్టుదురు. ఇంతకంటె చెడ్డ చోటు లేదు. వానకాలపు చెమ్మకు ఆ ఉప్పు కరిగి వాదరకు అంటును. కోతలనాడు విప్పి చూచుసరికి గుంటలు పడియుండును. సంచి నేడే మార్చుడు.