తనిఖీ బల్ల మీద మూడు ట్యాబ్‌లు

మావయ్య బల్ల మీద మొదట పెట్టేది ట్యాబ్ కాదు, ఒక తెల్ల కాగితం. జంషెడ్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరైన మనిషి. ఏం కొలవాలో రాసుకోనిదే కొలబద్ద ముట్టుకోరు. మనవరాలు ప్లస్ టూ సైన్సులో చేరుతోంది, ట్యాబ్ కావాలి. వాళ్ల నాన్న ఐప్యాడ్ అంటున్నాడు, సాక్చీ బజారు కుర్రాడు ఆరు వేలకే ఇస్తానంటున్నాడు. ఎవరి మాటా తీసేయకుండా మావయ్య రెండింటినీ, వాటి మధ్య ధరలో మూడోదాన్నీ కద్మాలోని ఇంటికి తెప్పిస్తారు. ఆరు వేలది నచ్చకపోతే వాపసు ఇచ్చే మాట మీద వచ్చింది. రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ మేనల్లుడిది, పదో తరం ఐప్యాడ్ పక్కింటి అబ్బాయిది. అది 2024 మే నెల. రెడ్‌మీ అంతకుముందు నెలలోనే మన దేశంలో మార్కెట్లోకి వచ్చింది, 6 జీబీ ర్యామ్ ఉన్నది 13,999. ఐప్యాడ్ ధర ఆ నెలలోనే 34,900కి దిగింది.

కాగితం మీద ముందు పని రాస్తారు. రోజుకి గంటన్నర క్లాసు వీడియోలు, గంట పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు. రాత్రి అరగంట అత్తయ్యకి తెలుగు వారపత్రికలు. మొత్తం మూడు గంటలు, ఏడాదికి 300 రోజులు, అంటే 900 గంటలు. గేములు లేవు, వీడియో ఎడిటింగ్ లేదు. పెన్ను? మనవరాలు లెక్కలు నోటుబుక్కులోనే చేస్తానంటుంది, అది కూడా రాస్తారు. ఫ్యాక్టరీలో సరుకు గేటు దాటగానే చేసే పరీక్షని ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. అక్కడ చూసేది సరుకు గొప్పదా కాదా అని కాదు, ఆర్డరు కాగితంలో అడిగింది వచ్చిందా అని. ఆ కాగితమే ఇది.

తర్వాత గో, నో-గో. ఒక కొన రంధ్రంలో దూరాలి, రెండో కొన దూరకూడదు, అలాంటి గేజితో చేసే పరీక్షకి ఆ పేరు. మార్కులుండవు, పాసు లేదా ఫెయిలు. డబ్బా వెనక లేబులు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉండాలి. 2012లో వచ్చిన ఉత్తర్వుతో ట్యాబ్‌లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది, ఆ నంబరు దాని గుర్తు. నంబరు అచ్చయి ఉంటే చాలదు. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, వస్తువు పేరు వస్తాయి, అవి డబ్బా మీది పేర్లతో కలవాలి. రెండింటికి కలుస్తాయి. ఆరు వేలదానికి నంబరుంది కానీ యాప్ చూపించే కంపెనీ వేరు. ఫ్యాక్టరీలోనైతే ఇక్కడే లారీ వెనక్కి తిరిగేది. "నేర్చుకోడానికి పనికొస్తుంది, ఉంచు" అని దాన్ని బల్ల చివరికి జరుపుతారు.

మూడో దశ కంటి పని. ముందు తెల్ల బొమ్మ, తర్వాత నల్లది, తర్వాత బూడిద రంగుది, ఒక్కోటి పది సెకన్లు తెర నిండా. తెలుపులో చచ్చిన చుక్కలు, నలుపులో అంచుల నుంచి కారే వెలుతురు, బూడిదలో మచ్చలు బయటపడతాయి. తర్వాత ట్యాబ్‌ని పక్కకి వంచి చూస్తారు. రంగు వెలిసిపోతే అది చవక ప్యానెల్. ఆరు వేలది నలభై అయిదు డిగ్రీలు వంచగానే పాలిపోతుంది. పెట్టెలోంచి ఫీలర్ గేజి తీస్తారు. అది మందం తెలిసిన పల్చటి ఉక్కు రేకుల కట్ట. గాజుకీ చట్రానికీ మధ్య సందులో 0.1 మిల్లీమీటరు రేకు చుట్టూతా ఒకేలా ఆగాలి, ఒకచోట దూరి మరోచోట ఆగితే బిగింపు సరిగా లేనట్టు. షోకేసులో నెలల తరబడి చార్జింగులో ఉన్న పీసయితే బ్యాటరీ ఉబ్బి గాజుని లేపి ఉండొచ్చు, అదీ ఇక్కడే దొరుకుతుంది. షాపులో గేజి లేకపోతే ట్యాబ్‌ని గాజు కౌంటరు మీద బోర్లా పెట్టి మూలలు నొక్కినా చాలు, ఊగితే తీసుకోవద్దంటారు.

అసలు పరీక్ష అత్తయ్యది. తెలుగు పీడీఎఫ్ తెరిచి, ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుని, పేజీని పెద్దది చేయకుండా చదవాలి. ఎ4 పేజీ వెడల్పు 8.27 అంగుళాలు. ఆరు వేలదాని తెర అడ్డంగా 800 చుక్కలు. అంటే 11 పాయింట్ల అక్షరానికి నిలువునా దక్కేది 15 చుక్కలు. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. తెలుగులో ఆ పదిహేను చుక్కల్లోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు ఇరుక్కోవాలి. 'లక్ష్మి', 'స్త్రీ', 'రాష్ట్రం' మూడూ మరకల్లా కనిపిస్తాయి. రెడ్‌మీ తెర అడ్డంగా 1,200 చుక్కలు, అక్షరానికి 22 వస్తాయి. ఒత్తులు విడివిడిగా తెలుస్తాయి. ఐప్యాడ్‌లో 1,640, అక్షరానికి 30. అత్తయ్య రెండింటినీ పక్కపక్కన పట్టుకుని, ఐప్యాడ్ అక్షరం అచ్చు పుస్తకంలా ఉందనీ, రెండోదాంట్లో కూడా తడుముకోకుండా చదవగలననీ అంటుంది. పదిహేనుకీ ఇరవై రెండుకీ మధ్య ఉన్న తేడా చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య తేడా, ఇరవై రెండుకీ ముప్పైకీ మధ్యది సుఖం. మావయ్య కాగితం మీద ఈ రెండు తేడాలూ వేర్వేరు గడుల్లో పడతాయి. తెలుగువాళ్లు ట్యాబ్ కొనేటప్పుడు నా ఓటు ఈ ఒక్క పరీక్షకే ముందు పడుతుంది. దుకాణదారు చూపించే రంగురంగుల చేపల వీడియోతో దీనికి పొంతన లేదు.

తాకుడు పరీక్షకి స్టీలు స్కేలు కావాలి. సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే వేలు వెళ్లిన దారి తెర మీద గీతగా పడుతుంది. ఐప్యాడ్‌లో ఈ సదుపాయం లేదు, నోట్స్‌లో గీయాలి. స్కేలు అంచున వేలిని ఐమూలగా, నింపాదిగా, పది సెకన్లలో తెర ఈ కొస నుంచి ఆ కొసకి లాగాలి. మంచి తెర మీద గీత గీతలాగే ఉంటుంది. నాసిరకం మీద మెట్లు పడతాయి, అంచుల దగ్గర తెగుతుంది.

ఇక్కడ మావయ్యకి ఆకాశ్ గుర్తొస్తుంది. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ఆ ట్యాబ్‌ని డేటావిండ్ కంపెనీ కోసం బిగించింది మన హైదరాబాద్‌లోనే, క్వాడ్ అనే సంస్థలో. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు, విద్యార్థికి అందులో సగం. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. తెర రెసిస్టివ్ రకం, అంటే రెండు పొరలు ఒకదానికొకటి తగిలేదాకా గోటితో నొక్కాలి. ఇప్పటి కెపాసిటివ్ తెరలు వేలికున్న విద్యుత్ వాహక గుణంతో పసిగడతాయి, ఆనిస్తే చాలు. ఆకాశ్ తడబాటుకి ఆ తెరా నెమ్మదీ ఒక కారణం, పరీక్షల మీద పేచీ ఇంకొకటి. గంటకి నాలుగంగుళాల వాన తట్టుకోవాలన్న మిలిటరీ స్థాయి పరీక్షలు మధ్యలో తెచ్చిపెట్టారని కంపెనీ ఆ ప్రాజెక్టు చూస్తున్న ఐఐటీ రాజస్థాన్ మీద ఆరోపించింది. తర్వాత పని ఐఐటీ బొంబాయికి వెళ్లింది, 2012 నవంబర్‌లో కెపాసిటివ్ తెరతో, ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో ఆకాశ్ 2 వచ్చింది. "ఆర్డరు కాగితంలో లేని టెస్టు పెడితే సప్లయరు ఊరుకుంటాడా?" అంటారు మావయ్య. అందుకే మన బల్ల మీద వాన పరీక్ష లేదు.

ర్యామ్ దగ్గర డబ్బా మీది అంకెని నమ్మకూడదు. ఆరు వేలదాని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 8 జీబీ, కింద చీమ తలంత అక్షరాల్లో 4+4. ఆ రెండో నాలుగు నిల్వ చోటులోంచి అరువు తెచ్చుకున్నది, వర్చువల్ ర్యామ్ అంటారు, వేగంలో దీనికీ అసలు ర్యామ్‌కీ పోలికే లేదు. పరీక్ష ఇలా సాగుతుంది. భౌతికశాస్త్రం పీడీఎఫ్‌లో నూరో పేజీ తెరవాలి, క్లాసు వీడియో పెట్టాలి, బ్రౌజర్‌లో అయిదు పేజీలు, ఒక నిఘంటువు, చివరికి మళ్లీ పీడీఎఫ్. నూరో పేజీలోనే ఉంటే పాసు, మొదటి పేజీ నుంచి మళ్లీ లోడైతే ఫెయిలు. రెడ్‌మీలో 4 జీబీది 12,999, 6 జీబీది 13,999. మొత్తం కొనుగోలులో అదనంగా ఒక వెయ్యి పెట్టాల్సిన చోటు ఏదంటే ఇదేనని మావయ్య తేల్చేస్తారు.

నిల్వ వేగానికి 4 జీబీ వీడియో ఫైలుని లోపలే ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసి గడియారం చూడాలి. రెడ్‌మీలో వాడేది ఈఎంఎంసీ అనే రకం చిప్, ఖరీదైనవాటిలో వచ్చే యూఎఫ్‌ఎస్ కన్నా నెమ్మది. అయినా నిమిషంలోపే పని ముగిస్తుంది. ఆరు వేలది నాలుగో నిమిషంలో కూడా గీత నింపుతూనే ఉంటుంది. ఐప్యాడ్ రెప్పపాటులో అయిపోయిందంటుంది, మావయ్య ఆ లెక్క రాసుకోరు. దాని ఫైల్ వ్యవస్థ రెండో కాపీని నిజంగా రాయదు, ఉన్నదాన్నే రెండు పేర్లతో చూపి, మార్పులు చేసినప్పుడు మాత్రమే మారిన భాగం రాస్తుంది. తెలివైన పద్ధతే, కానీ కొలవాల్సింది అది కాదు.

మధ్యాహ్నం పన్నెండున్నర. గది 36 డిగ్రీలు, ఫ్యాను రెండులో. మే నెల జంషెడ్‌పూర్‌లో వేడి పరీక్షకి వేరే కొలిమి అక్కర్లేదు. ఐప్యాడ్‌ని చుట్టూ 35 డిగ్రీలు దాటని చోట వాడాలని యాపిల్ కాగితమే చెబుతుంది, కాబట్టి ధర చూసి ఎవరికీ మినహాయింపు లేదు. మూడింటి వెలుగూ సగానికి పెట్టి, ఒకే క్లాసు వీడియోని వైఫై మీద రెండు గంటలు నడపాలి. ప్రతి పావుగంటకీ బ్యాటరీ శాతం, వీపు వేడి రాయాలి. తాకకుండా వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మావయ్య తిన్నగా లోహం మీదకి గురిపెట్టరు. మెరిసే లోహం తన వేడి తక్కువగా విడుదల చేస్తుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది, అంకె తప్పు వస్తుంది. అందుకని ఒక్కోదాని వీపు మీద అంగుళం నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, పది నిమిషాలు ఆగి, ఆ టేపు మీద గురిపెడతారు. ఇలాంటి చోటే ఉద్యోగంలో నేర్చుకున్నది బయటపడుతుంది. రెండు గంటలకి ఆరు వేలది 46 డిగ్రీలు, బ్యాటరీ సగానికి దగ్గర. చేత్తో పట్టుకుని చదివే వస్తువుకి అది చాలా ఎక్కువ. మిగతా రెండూ గది కన్నా కాస్త వెచ్చగా, అంతే.

బ్యాటరీ అంకెలు పోల్చడంలోనూ ఒక మెలిక ఉంది. రెడ్‌మీ 8,000 ఎంఏహెచ్ అంటుంది, ఐప్యాడ్ 28.6 వాట్ అవర్లు అంటుంది. ఎంఏహెచ్‌ని వోల్టేజితో గుణించి వెయ్యితో భాగించాలి. 8,000ని 3.85తో గుణిస్తే సుమారు 30.8 వాట్ అవర్లు, రెండూ దాదాపు సమానం. బరువూ అంతే, 478 గ్రాములు, 477 గ్రాములు. తేడా చార్జింగ్‌లో ఉంది. రెడ్‌మీది 10 వాట్లు, కాబట్టి ముప్పై చిల్లర వాట్ అవర్లు నింపడానికి మూడు గంటలకి పైనే, నష్టాలు కలుపుకుంటే నాలుగుకి దగ్గర. రాత్రి పడుకునే ముందు పెట్టే ఇంట్లో అది లోపం కాదు.

చిన్న పరీక్షలు త్వరగా అయిపోతాయి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ ఉందా, రెండు గదుల అవతల వీడియో ఆగుతుందా, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఎంత పాతది. ఆరు వేలదానిది ఏడాది దాటింది, కొత్తది వచ్చే ఆశా లేదు. అప్‌డేట్ల విషయంలో ఐప్యాడ్ మిగతా రెండింటికన్నా ముందుంటుంది. 2018లో వచ్చిన ఆరో తరానికి 2023లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 17 కూడా అందింది. ఓటీటీ సినిమాల కోసమైతే ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వైడ్‌వైన్ ఎల్1 అని ఉండాలి. ఎల్3 అయితే తెర ఎంత మంచిదైనా బొమ్మ మసకగానే వస్తుంది.

చివరిది ఖర్చు లెక్క, గంటకి రూపాయల్లో. ఆరు వేలదానికి కవరుతో 6,400, ఆయుష్షు ఏడాది అనుకుంటే గంటకి 7 రూపాయల పైన. రెడ్‌మీకి కవరుతో 14,700, మూడేళ్లు, గంటకి సుమారు 5.45. ఐప్యాడ్‌కి కవరుతో 36,400, ఆరేళ్లు ఇచ్చినా గంటకి 6.75. దానికి 7,900 రూపాయల పెన్సిల్ కలిపితే 8.20. ఆయుష్షులు మావయ్య అంచనాలే, కావాలంటే మార్చి చూసుకోమని పెన్సిల్‌తో రాస్తారు. ఐప్యాడ్‌ని ఎనిమిదేళ్లు లాగగలిగే ఇల్లయితే పెన్సిల్ లేకుండా గంటకి 5.05, లెక్క తిరగబడుతుంది. కానీ ఈ ఇంట్లో అవసరం రెండేళ్లది, ఆ తర్వాత కాలేజీకి ల్యాప్‌టాప్ ఎలాగూ తప్పదు. బొమ్మలు గీసే పిల్లయితే నేనే ఐప్యాడ్ పక్షాన మాట్లాడేవాణ్ణి. గీతలకి పనికొచ్చే పెన్ను ఉన్న చోట చవక ట్యాబ్ వాదన నిలవదు.

"మరి నాన్నకి ఏం చెప్పను తాతా?" అంటుంది మనవరాలు. మావయ్య కాగితాన్ని ఫోటో తీసి అల్లుడికి పంపిస్తారు. ఆరు వేలది డబ్బాతో సహా సాక్చీకి తిరిగి వెళుతుంది. సాయంత్రం బిష్టుపూర్ దుకాణంలో రెడ్‌మీ 6 జీబీది తీసుకుంటారు, జీఎస్‌టీ బిల్లుతో. బిల్లు మీద సీరియల్ నంబరు ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసి, డబ్బా మీది నంబరుతో కలిపి, వారంటీ ముగిసే తేదీని బిల్లు పైమూల రాస్తారు. ఇంటికి రాగానే మళ్లీ తెల్ల బొమ్మ, స్కేలు గీత, రెండు గంటల వీడియో. మేనల్లుడి పీసు పాసయితే ఈ పీసు పాసయినట్టు కాదు, మార్చుకునే గడువు వారమే.