వెళ్ళి వస్తాను

ఒక తెలుగు విద్యార్థి ఉన్నత విద్యకై జపాను వెళ్ళి, నారా నగరంలో ఒక కుటుంబంతో నివసించాడు. మొదటి రాత్రి ఒంటి సబ్బుతోనే స్నానపు తొట్టిలో దిగాడు. ఆ వేడినీరు ఇంటిల్లిపాదికీ ఒక్కటేనని, బయట ఒళ్ళు కడుగుకొనే అందులో దిగాలని అతనికి తెలియదు. ఇంటివారు ఏమీ అనలేదు. అతడే సిగ్గుతో ముడుచుకొనిపోయాడు.

ఆదివారం ఇంటి యజమాని అతనిని తోదాయిజీ ఆలయానికి తీసుకొని వెళ్ళాడు. అక్కడి కంచు బుద్ధుని ఎత్తు సుమారు 15 మీటర్లు. "క్రీ.శ. 752లో ఈ విగ్రహానికి కన్నులు దిద్దినవాడు మీ దేశపు భిక్షువు బోధిసేనుడు. 736లో వచ్చి, మావాడే అయిపోయాడు" అన్నాడాయన.

మరునాడు పిల్లలు బడికి పోతూ 'ఇత్తెకిమాసు' అన్నారు. 'వెళ్ళి వస్తాను' అని దాని అర్థం. ఇంటివద్ద అమ్మతో అతడు రోజూ అన్న మాటే అది! అతడు కూడా గుమ్మంలో నిలిచి ఆ మాట అన్నాడు. "వెళ్ళి రా, నాయనా!" అన్నది ఆ ఇల్లాలు తన భాషలో.