చేప పిల్లల్ని తినే పెంకు పురుగు ఏది?

బేగంబజార్ చేపల మార్కెట్‌కు సరుకు పంపే రైతు సోదరులారా! నర్సరీ కుంటలో వదిలిన పిల్లలు తగ్గిపోతున్నాయా? నీళ్లలోని నల్లటి పెంకు పురుగుల్ని వలతో పట్టి, బకెట్‌లో వేసి చూడండి. తోక పైకెత్తి గాలి తీసుకుని, వెనక కాళ్లు రెండూ ఒకేసారి తెడ్లలా వేసేది చేప పిల్లల్ని తినేస్తుంది. తల పైకి పెట్టి గాలి తీసుకునేది, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడించేది వేరే కుటుంబం. అది ఎక్కువగా కుళ్లిన ఆకు, నాచు తింటుంది. దాని పిల్ల పురుగును మాత్రం నమ్మొద్దు, అదీ వేటాడేదే.

కుటుంబం పోల్చుకోవటం ఇంత తేలిక. జాతి తేల్చటమే కష్టం. పైకి ఒకేలా ఉన్న పురుగుల్లో మగదాని జననాంగాన్ని విడదీసి, మైక్రోస్కోపు కింద చూస్తేగానీ తేడా తెలియదు. అదివరకు ఎవరూ వర్ణించనిదైతే కొత్త పేరు పెట్టి, ఆ నమూనాను మ్యూజియంలో దాస్తారు. భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన వజిరాణి ఈ వేట పురుగుల జాబితాను 1977లోనే వెలువరించారు. ఆ సంస్థ మంచినీటి జీవుల కేంద్రం బేగంబజార్‌కు ఎగువన, మూసీ పక్క అత్తాపూర్‌లో ఉంది.

ఇక మందు సంగతి. పిల్లల్ని వదిలే ముందు రోజు, గాలి లేని వేళ, గుంట విస్తీర్ణానికి 180 గ్రాముల సబ్బును నీళ్లలో కరిగించి, 570 గ్రాముల నూనె కలిపి చల్లండి. గాలి అందక పురుగులు చస్తాయి. వరి మడిలో మాత్రం వీటి జోలికి పోకండి, అక్కడ దోమ పిల్లల్ని తింటాయి.